రంగు చెప్పని ఇనుము

చిరంజీవికి ఆశీస్సులు.

హీమ్ గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. శైలి బాగుంది. అయితే మూడో పేరాలో "బీట్‌రూట్ నెత్తుటిలా ఎర్రగా ఉంటుంది కనుకనే తింటే రక్తం పడుతుంది" అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి, కాసేపు వరండాలో తిరిగి రావలసి వచ్చింది. బీట్‌రూట్ ఎరుపు బీటనిన్ అనే వర్ణకానిది. ఆ వర్ణకంలో ఇనుము లేనే లేదు. నెత్తుటి ఎరుపు హీమ్‌ది. నాలుగు నైట్రోజన్ పరమాణువులు నడిమధ్యన ఒక ఇనుము పరమాణువును పట్టి ఉంచే చదునైన వలయం అది. హిమోగ్లోబిన్‌లో అలాంటివి నాలుగు, కండరంలోని మయోగ్లోబిన్‌లో ఒకటి ఉంటాయి.

తిండి గురించి రాసేవాళ్లు రంగును సాక్ష్యంగా తీసుకోకూడదని నా పట్టుదల. చాదస్తమని మిత్రులంటారు, అననీ. ప్యాకెట్ మాంసం అడుగున చేరే ఎర్రటి ద్రవం నెత్తురు కాదు, మయోగ్లోబిన్ కలిసిన నీరు. నెత్తురు చాలా మటుకు కోసినప్పుడే కారిపోతుంది. ఈ మాటే ఒకప్పుడు నేను రాస్తే, ఒక ఆదివారం అనుబంధం సంపాదకుడు "ఎర్రటి నీరు" కొట్టేసి "చిప్పిల్లే నెత్తురు" అని వేశాడు. పాఠకుడికి ఊపు కావాలట! అదే వ్యాసంలో మేక నెత్తుటి వేపుడు పేరైన "నల్ల" అన్న మాట తీసేసి "ఒక ప్రాంతీయ వంటకం" అని మార్చాడు.

ఆయన నాకు చేసిన పని నీకు నువ్వే చేసుకున్నావు. స్వీడన్‌వాళ్ల నెత్తుటి పుడ్డింగును, జర్మనీ సాసేజీలను పేరుపేరునా చెప్పి, మన దగ్గరికి వచ్చేసరికి "కొన్ని వర్గాలవారు తినే పదార్థం" అని తప్పుకున్నావు. ఎందుకా మొహమాటం? మేకను కోసినప్పుడు గిన్నెలో పట్టిన నెత్తురు కాసేపటికే జున్నులా గడ్డకడుతుంది. దాన్ని ఉడికించి, చిదిపి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయిస్తే నల్ల. వేడికి ప్రోటీను రూపం చెదిరి, హీమ్‌లోని ఇనుము ఆక్సీకరణం చెందడంతో ఎరుపు పోయి ముదురు గోధుమ రంగు వస్తుంది. పోయేది ఎరుపే, ఇనుము కాదు. హీమ్ మీది వ్యాసానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

హ్యామ్, అంటే ఉప్పులో ఊరవేసిన పంది తొడ మాంసం, సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు, అక్కడ ఆగవలసింది. నిల్వ కోసం నైట్రైట్ అనే లవణం వేసిన హ్యామ్ ఉడికినా గులాబీ రంగులోనే ఉండడానికి కారణం నైట్రిక్ ఆక్సైడ్ వెళ్లి హీమ్‌లోని ఇనుమును పట్టుకోవడం. ఇటలీలోని పార్మా హ్యామ్‌కు ఉప్పు తప్ప మరేమీ వేయరు, నెలల తరబడి ఆరబెడతారు. అందులో ఇనుము స్థానంలోకి జింకు వచ్చి కూర్చుంటుంది, ఎరుపు మాత్రం నిలుస్తుంది.

ఇంపాసిబుల్ ఫుడ్స్ అనే అమెరికా కంపెనీ 2016లో తెచ్చిన మాంసం లేని బర్గర్‌కు రెండు పేజీలు ఇచ్చావు. అందులో వేసే సోయా లెగ్‌హిమోగ్లోబిన్‌ను, అంటే సోయా వేరు బుడిపెల్లో ఉండే హీమ్ ప్రోటీనును, జన్యుమార్పిడి చేసిన ఈస్టుతో తయారుచేస్తారని సరిగానే రాశావు. కానీ కాలిఫోర్నియా దాకా పోయినవాడివి అనంతపురం చేలో ఆగలేదేం? నా రచనలన్నీ తిరుగుటపాలో వస్తున్న రోజుల్లో ఒక వ్యవసాయ పత్రికలో ప్రూఫులు దిద్దుకుని బతికాను. ఆ పని మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు ఒక రైతు పూతకొచ్చిన వేరుశనగ మొక్కను పీకి, వేరు మీది బుడిపెను గోటితో చిదిపి చూపించాడు. లోపలంతా గులాబీ రంగు! అదీ హీమ్ మహిమే. బుడిపెలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందించడానికి వాడే ఎంజైము ఆక్సిజన్ సోకి పాడవకుండా లెగ్‌హిమోగ్లోబిన్ కాపాడుతుంది. ఇక్కడ రంగు నిజమే చెప్పింది కదా అంటావేమో. చిదిపి చూడబట్టి తెలిసింది.

ఇక "రక్తం పడుతుంది" అన్న మాటకు అంకెలు జత చెయ్యి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ల ముందు బీట్‌రూట్ రసం పెట్టి ఊరుకోకూడదు. హీమ్ రూపంలోని ఇనుమును పేగులు సుమారు 15 నుంచి 35 శాతం దాకా గ్రహిస్తాయి. ఆకుకూరల్లోని ఇనుము అంతకన్నా బాగా తక్కువ ఒంటికి పడుతుంది; భోజనంతోపాటు టీ తాగితే ఇంకా తగ్గుతుంది, నిమ్మకాయ పిండుకుంటే పెరుగుతుంది. మరోవైపు, ఎర్ర మాంసం బహుశా క్యాన్సర్ కారకమని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించినప్పుడు, హీమ్ పాత్ర కూడా చర్చకు వచ్చింది. అదీ రాయాలి.

పారితోషికం గురించి, కలం పేరు గురించి అడిగావు. అవి తరవాత చూద్దాం. పశువుల నెత్తుటితో చేసి రష్యాలో పిల్లలకు మిఠాయిలా పెట్టే హెమటోజెన్ మీద రాసిన పేరాను మాత్రం ముట్టుకోకు, అలాగే ఉంచి మిగతాది తిరగరాసి పంపు.