రాత నేర్పబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. రెటరిక్, కంపోజిషన్‌లో, అంటే రాత ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా నేర్పాలి అని చదివే శాఖలో, పీహెచ్‌డీకి సీటు వచ్చిందని, ఫీజు కట్టనక్కర్లేకుండా చదువుకుంటూ అందుకు బదులుగా సెమిస్టరుకు ఒక తరగతికి రాత నేర్పాలని రాశావు. సంతోషం. వలస వచ్చినవాళ్లకు చదువూ రాతా ఎక్కడెక్కడ పనికొచ్చాయో, ఎక్కడ అడ్డుపడ్డాయో పరిశోధిస్తానన్నావు. అదీ బాగుంది. అయితే ఉత్తరం చివర్లో ఒక ప్రశ్న అడిగావు చూడు, “బోధన పని తొందరగా ముగించుకుని పరిశోధనకు సమయం మిగుల్చుకోవడం ఎలా?” అని, అక్కడ మాత్రం నాకు కాస్త కోపం వచ్చింది. మీ సీనియర్లు దీనికి బోలెడు చిట్కాలు చెబుతారు. నేను చెప్పేది వేరు. నీ పరిశోధన మొదలయ్యేది ఆ తరగతి గదిలోనే. ఆ పేపర్ల కట్టను తప్పించుకోవాలని చూస్తే చేతికి అందిన ముడిసరుకును నువ్వే పారేసుకున్నట్టు.

ముందు ఆ తరగతి సంగతి. అమెరికాలో దాదాపు ప్రతి కాలేజీలోనూ, ఇంజనీరు కాబోయేవాడైనా నర్సు కాబోయే పిల్ల అయినా, మొదటి సంవత్సరంలో రాత తరగతిలో కూర్చోక తప్పదు. మన ఇంటర్‌లో, డిగ్రీలో ఇలాంటిది లేదు కాబట్టి బంధువులకు నీ ఉద్యోగం ఏమిటో చెప్పడం కష్టమే. ఇంగ్లీషువాళ్లకు ఇంగ్లీషు నేర్పడానికి వెళ్లిందట అని నవ్వుతారు. నవ్వనీ. హార్వర్డు 1874లో ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం పెడితే, పేరున్న బళ్లలో చదివిన కుర్రాళ్లే చాలామంది బోల్తాపడ్డారు. 1885 నాటికి మొదటి సంవత్సరంలోనే ఒక రాత తరగతి వచ్చింది. ఈ కాలం పిల్లలకు రాయడం రాదన్న గోల అప్పుడు మొదలై నేటికీ ఆగలేదు. చెడిపోయినదాన్ని బాగుచేసే పనిగా పుట్టిన పాపానికి మన వృత్తికి విశ్వవిద్యాలయంలో పీట ఎప్పుడూ కిందనే.

ఆ చూపును మార్చినవాళ్లలో మీనా షాగ్నెసీ పేరు నువ్వు వినే ఉంటావు. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం ఆ నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ఎవరికైనా సీటిస్తానంది. కూలీల పిల్లలు, నల్లవాళ్ల పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు ఒక్కసారిగా వచ్చి కూర్చున్నారు. వాళ్ల పేపర్లు చూసి పంతుళ్లు తలలు పట్టుకున్నారు. అక్కడే రాత నేర్పుతున్న షాగ్నెసీ వాటిని వేల సంఖ్యలో ముందేసుకుని ఓపికగా చదివి, తప్పుల్లో ఒక క్రమం ఉందని, రాసినవాళ్లకు వాటి వెనక ఒక తర్కం ఉందని, వాళ్లు మొద్దులు కారు, కొత్తవాళ్లు మాత్రమేనని 1977లో ఒక పుస్తకంలో చూపించింది. ఆ పుస్తకంలో కొన్ని భాగాలకు ఇప్పుడు కాలం చెల్లింది. చదివే పద్ధతికి మాత్రం చెల్లలేదు.

నా తరగతిలోది ఒకటి చెబుతాను. ఈక్వడార్ నుంచి చిన్నప్పుడే వచ్చిన ఒక కుర్రాడు, తన తండ్రి దేశం విడిచి రావడానికి మూడు కారణాలంటూ వ్యాసం రాశాడు. ఒకటి, అక్కడ పని దొరకలేదు. రెండు, అప్పులు. మూడోది అమెరికన్ సంస్కృతి మీద అభిమానం! ఆ తండ్రి ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడుగుతాడని అదే వ్యాసంలో పై పేరాలో ఉంది. ఈ అభిమానం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. “మూడు ఉండాలి కదా, మేడమ్” అన్నాడు నిదానంగా. ఉపోద్ఘాతం, మూడు పేరాలు, ముగింపు అన్న అచ్చు హైస్కూల్లో వాడి చేతికి బాగా పట్టింది. పరీక్ష దిద్దేవాళ్లు కారణాలు లెక్కపెట్టి మార్కులేస్తారని కూడా గ్రహించాడు.

దీన్ని బద్ధకం అనుకుంటే నీకు వాడు అర్థం కాడు. ఇంకాస్త మాట్లాడిస్తే తెలిసింది, ఇంట్లో అన్ని ఫారాలూ నింపేది వాడేనట. అద్దె ఒప్పందం, చెల్లెలి బడి కాగితాలు, తండ్రి చెయ్యి కాలినప్పుడు ఆసుపత్రి బిల్లు తగ్గించమని పెట్టుకునే దరఖాస్తు. నెలసరి ఆదాయం అన్న గడిలో ఏం రాయాలి, జీతం నగదుగా ఇస్తారు, రసీదు ఉండదు, ఖాళీగా వదిలితే దరఖాస్తు తిరిగొస్తుంది. కాగితం ఏం కోరుకుంటుందో పసిగట్టి అదే ఇవ్వడం ఆ పిల్లవాడికి పన్నెండేళ్లకే అబ్బిన విద్య. నా వ్యాసాన్నీ అలాగే నింపాడు. తర్వాతి పేపర్లో ఆ ఆసుపత్రి ఫారం గురించే రాయమన్నాను. మూడు కారణాలూ ఎగిరిపోయాయి. వాక్యాలు తప్పులతోనే వచ్చాయి గాని, ఎవరో ఒక మనిషి రాసినట్టు వచ్చాయి. ఇప్పుడు చెప్పు, ఇది బోధనా, పరిశోధనా?

దిద్దడం గురించి ఎక్కువ చెప్పను, అది చేతికి రావాల్సిందే. ఒక్కటి గుర్తుంచుకో. నాన్సీ సామర్స్ 1982లో ఒక పరిశీలన ప్రచురించింది. పేపర్ల మీద పంతుళ్లు రాసే వ్యాఖ్యలు ఎంత ఊకదంపుడుగా ఉంటాయంటే, ఒక పేపరు మీదివి తీసి ఇంకో పేపరు మీద పెట్టినా తేడా తెలియదని. “ఇంకా వివరంగా రాయాలి”, “స్పష్టత లేదు” ఇలాంటివి. నువ్వు రాసిన వ్యాఖ్య పక్క పేపరుకూ సరిపోతుందంటే కొట్టేసి మళ్లీ చదువు. తప్పులన్నీ ఒకేసారి పట్టుకోకు. రెండు చాలు.

తప్పు అన్నది ఎవరు నిర్ణయిస్తారన్న తగాదా అమెరికావాళ్లు కనిపెట్టిందని మాత్రం అనుకోకు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసింది వ్యాసరచన గురించే కదా. పిల్లలు వ్యాసాలు ఏ తెలుగులో రాయాలి, ఎవరి నోటి తెలుగు కాగితం మీదికి రాకూడదు అన్నదే అక్కడి గొడవ. ఆ తర్వాత 60 ఏళ్లకు, 1974లో, అమెరికా కాలేజీ రాత అధ్యాపకుల సంఘం విద్యార్థులకు తమ సొంత భాష మీద హక్కు ఉందని తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని మీ సెమినార్‌లో తప్పకుండా చదివిస్తారు. గురజాడను ఎవరూ చదివించరు. నువ్వే పట్టుకెళ్లు.

ఇక వలస సంగతి. తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఇంటర్వ్యూ చేస్తానన్నావు. చెయ్యి, తప్పులేదు. వాళ్లు ఫోన్ ఎత్తుతారు, చక్కగా మాట్లాడతారు, ఆదివారం భోజనానికి కూడా పిలుస్తారు. అందుకే వాళ్లతో ఆగిపోవద్దంటున్నాను. వాళ్ల ఇంట్లోనే, వంటగదిలో, విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన వాళ్ల అమ్మ ఉంటుంది. ఆవిడ దగ్గర కూర్చున్నావా?

నిజామాబాద్ వైపు నుంచి కూతురి పురిటికి న్యూజెర్సీ వచ్చిన ఒకావిడతో మాట్లాడాను. ఐదో తరగతి దాకా చదివారు. “నాకేం రాయడం వచ్చమ్మా” అన్నారు. చేతిలో రామకోటి పుస్తకం ఉంది. చూడొచ్చా అని అడిగితే ఇచ్చారు. ముందు నుంచి తిప్పితే అచ్చు గళ్లలో శ్రీరామ, శ్రీరామ, పేజీల కొద్దీ. వెనక నుంచి తిప్పితే ఇంకో పుస్తకం. మైక్రోవేవ్ మీద ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో బొమ్మలతో సహా ఉంది. బిడ్డకు పాలు పట్టిన వేళలు, అపార్ట్‌మెంటు తలుపు నంబరు, అల్లుడి ఫోన్ నంబరు, పక్కన అత్యవసరానికి 911. ఒక పేజీలో విమానాశ్రయంలో అధికారి అడిగితే చెప్పాల్సిన జవాబులు, ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో: “విజిటింగ్ డాటర్. సిక్స్ మంత్స్. రిటర్న్ టికెట్.” దాని కింద ఎవరో, బహుశా మనవరాలు, నవ్వుతున్న ముఖం బొమ్మ గీసింది. రాయడం రాదన్న మనిషి పుస్తకం ఇది. ఎంత చదివారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి ఉంటే నాకు “ఐదో తరగతి” అన్న జవాబు తప్ప ఇంకేమీ దొరికేది కాదు. ఏమేం రాస్తారు, ఎప్పుడు, ఎవరికోసం అని అడగాలి.

సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ లైబీరియాలో వై అనే తెగ ప్రజల మధ్య చేసిన పరిశోధన (1981లో వెలువడింది) ఇందుకే చదవాలి. అక్కడ ఇంటి ఉత్తరాలకు వై లిపి, మతానికి అరబ్బీ, బడికీ సర్కారు ఆఫీసుకీ ఇంగ్లీషు. అక్షరం వస్తే మనిషి బుద్ధి మొత్తం ఒక మెట్టు ఎక్కుతుందన్న నమ్మకాన్ని వాళ్లు పరీక్షించి చూశారు, అలాంటిదేమీ కనబడలేదు. ఏ రాతతో ఏ పని చేస్తే ఆ పనికి సంబంధించిన నేర్పు వస్తుంది, అంతే. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల కథనూ ఈ కళ్లతో మళ్లీ చూడు. వాచకంలో సీతమ్మ కథ చదివారు, 1992లో సారా మీద తిరగబడ్డారు అని రెండు ముక్కల్లో చెబితే వినడానికి బాగుంటుంది. కానీ సారా దుకాణమూ, కూలి డబ్బు తాగేసే మొగుడూ ఆ పాఠం కంటే ముందే ఉన్నారు. రాత్రి బడి ఆ ఆడవాళ్లకు పాఠంతోపాటు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు ఇచ్చింది. ఏది ఎంత పని చేసిందో విడదీయడానికి ఓపిక కావాలి. ఆ ఓపికే నీకు పీహెచ్‌డీ.

అక్షరం చేతికిచ్చేవాళ్లకు అందులో ఏదో ఒక లాభం ఉంటుందని, అక్షరాస్యత మీద పరిశోధించిన డెబోరా బ్రాంట్ 1998లో చెప్పింది. చర్చి కావచ్చు, కంపెనీ కావచ్చు, సైన్యం కావచ్చు. నాకైతే అది చదివినప్పుడు హైదరాబాద్ కన్సల్టెన్సీలు గుర్తొచ్చాయి. అమెరికా చదువు ఎందుకు కావాలో చెప్పుకునే వ్యాసాన్ని మన పిల్లలకు డబ్బు తీసుకుని రాసిచ్చేవాళ్లు లేరా? నీతి పాఠం చెప్పి వదిలేయకు. ఎవరు రాస్తారు, ఏ నమూనా చూసి రాస్తారు, ఆ అరువు ఆశయాలను పిల్లవాడు వీసా కిటికీ ముందు ఎలా కంఠతా అప్పజెబుతాడు, దీని మీద ఒక అధ్యాయం ఉంది. రాయడానికి నాకు తీరలేదు.

అసలు వలస వచ్చినవాళ్ల బతుకులో రాత అంటే ముందు కాగితాలే. అమెరికా 1917 వలస చట్టం 16 ఏళ్లు దాటిన వలసదారు ఏదో ఒక భాషలో 30, 40 మాటలు చదివి చూపాలంది. అదే చట్టం మన దేశం నుంచి వచ్చేవాళ్లకు దాదాపుగా దారే మూసేసింది, చదువు వచ్చినా రాకపోయినా. కేట్ వియేరా మసాచుసెట్స్‌లో ఉంటున్న, పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులవాళ్లను, బ్రెజిల్‌వాళ్లను పక్కపక్కన పెట్టి 2016లో ఒక పుస్తకం రాసింది. ఇద్దరి భాషా పోర్చుగీసే. ఒకరికి కాగితాలున్నాయి, రెండోవాళ్లలో చాలామందికి లేవు. రాతతో ఇద్దరి సంబంధం అక్కడే వేరైపోయింది. మనవాళ్లకు ఇది దూరం కథ కాదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం గుట్టు బయటపడింది గుర్తుందా? పాఠాలు లేవు, పంతుళ్లు లేరు, ప్రభుత్వ అధికారులే నడిపిన ఉత్తుత్తి సంస్థ. చేరినవాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. లేని బడి ఇచ్చిన కాగితాన్ని ఎవరు ఎలా చదివారు, తెలిసి చేరినవాడెవడు, తెలియక చేరినవాడెవడు అన్నది అక్షరాస్యత ప్రశ్నే.

అందుకే ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. పరిశోధన నైతిక సంఘం నీచేత సమ్మతి పత్రాల మీద సంతకాలు తీసుకోమంటుంది. వీసా సరిగా లేనివాడికి ఆ సంతకమే ముప్పు. సంతకం ఉన్న కాగితం తప్ప ఆ మనిషిని గుర్తుపట్టే ఆధారం ఇంకేదీ లేని చోట, సంతకం లేకుండా సమ్మతి తీసుకోవడానికి నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. అడిగి తీసుకో. ఎవరూ తమంతట తాము చెప్పరు. అసలు పేర్లు రాసుకోనే వద్దు.

ఇక కడుపు సంగతి. టెన్యూర్, అంటే శాశ్వత స్థానం, వచ్చే ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. రాత తరగతుల్లో పెద్ద భాగం అడ్జంక్ట్‌లనే తాత్కాలిక పంతుళ్ల మీద, మీలాంటి పరిశోధక విద్యార్థుల మీద నడుస్తుంది. అడ్జంక్ట్‌కు తరగతికింత అని లెక్క, చాలాచోట్ల ఆరోగ్య బీమా ఉండదు, వీసాకు సాధారణంగా మద్దతివ్వరు. డిగ్రీ తర్వాత పనిచేసుకోవడానికి నీకు ఏడాది గడువుంటుంది. ఇంజనీరింగ్, సైన్స్ వాళ్లకు దొరికే అదనపు 24 నెలలు మన శాఖకు సాధారణంగా రావు. ఒక్క ఊరట, విశ్వవిద్యాలయ ఉద్యోగానికి హెచ్-1బీ లాటరీ అడ్డు లేదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో మొదటి సంవత్సరమే కనుక్కో, చివరి సంవత్సరం కాదు. కమ్యూనిటీ కాలేజీని చిన్నచూపు చూడకు. సెమిస్టరుకు నాలుగైదు తరగతులు చెప్పాలి, నడుం విరుగుతుంది, నిజమే. కానీ నువ్వు పుస్తకం రాయాలనుకుంటున్న మనుషులు సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చునేది అక్కడే.

ఏ సిద్ధాంతాలు ముందు చదవాలని అడిగావు. పైన చెప్పినవి చాలు, మిగతావి మీ ప్రొఫెసర్లు కుమ్మరిస్తారు. ఆగస్టులో తరగతులు మొదలయ్యేలోపు నీ మొదటి అసైన్‌మెంట్ కాగితం నాకు పంపు. పరిశోధన ప్రతిపాదన వద్దు, అసైన్‌మెంటే కావాలి. ఒక పేజీ దాటకూడదు. పిల్లలు ఎవరికోసం, ఎందుకు రాస్తున్నారో అందులో ఉండాలి. కారణాలు ఎన్ని ఉండాలో మాత్రం రాయకు. వారంలో దిద్ది పంపుతాను, ఎర్రసిరాతోనే.

ఆశీస్సులతో,
మీ మేడమ్