కుళాయికి నల్ల పాకుడు: నీళ్ల రిపోర్టు బాగుంటే సరిపోతుందా?

వంటింటి కుళాయి మూతికి నల్లటి జిగురు పడుతోందని, ల్యాబ్‌లో మాత్రం నీళ్లు బాగున్నాయన్నారని, అది ఫంగస్ అయితే తాగడం ప్రమాదమా అని అడిగారు. మేమూ బెంగళూరులోనే, మారతహళ్లి వైపు ఉంటాం. నాన్నగారికి కిడ్నీ మార్పిడి చేసినప్పుడు మాకూ ఇదే భయం పట్టుకుంది.

డిశ్చార్జి రోజు డాక్టరు గారు నీళ్ల గురించి గుచ్చి గుచ్చి అడిగారు. కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా? సంప్ ఎప్పుడు కడిగారు? మాకు మూడూ కలిసే వస్తాయి. సంప్ సంగతి నాకు తెలియనే తెలియదు. ఇంటికొచ్చి షవర్ విప్పి చూస్తే లోపలంతా నల్ల పాకుడు, తడిసిన గోనెసంచి వాసన. సంప్ కడిగి రెండేళ్లు దాటిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ నెల నీళ్ల రిపోర్టులో మాత్రం ఏ తప్పూ లేదు.

రిపోర్టు అబద్ధం కాదండీ. సూక్ష్మజీవుల్లో అది వెతికేది ముఖ్యంగా మలం వల్ల చేరే బ్యాక్టీరియాని. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి కనిపించకూడదు. బూజుకు అందులో లెక్కే లేదు. అమ్మే క్యాన్ నీళ్లకు మాత్రం 250 మిల్లీలీటర్లలో ఈస్ట్, బూజు ఉండకూడదని ప్రమాణం ఉంది. ఇంటి కుళాయికి ఆ పట్టింపు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే. ఎందుకంటే బ్యాక్టీరియాని చంపే క్లోరిన్‌ను బూజు స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటి సన్నని కణాలు, చాలావరకు తట్టుకుంటాయి. పైపుల లోపలి పాకుడులో బ్యాక్టీరియాతో పాటే బతికేస్తాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అలాంటి నీళ్లు తాగినా సాధారణంగా ఏమీ కాదు, టెన్షన్ పడకండి. కీమో చేయించుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు ఇంట్లో ఉంటే వేరే మాట, వాళ్లలో రోగాల్ని తట్టుకునే శక్తి తక్కువ కదా. వాళ్లకు తాగడం కన్నా పీల్చడమే ఎక్కువ ప్రమాదం. షవర్ తుంపరతో పాటు స్పోర్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. నీటి పైపుల్లో దొరికే ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అత్యంత ప్రమాదకరమైన ఫంగస్‌ల వరుసలో పెట్టింది.

డాక్టరు గారి మాట ప్రకారం నాన్నగారికి షవర్ మాన్పించాం. బకెట్టు, చెంబు. బాత్రూం ముందే కడిగి, నేల ఆరాక వెళ్లేవారు. తాగడానికి మరిగించి చల్లార్చిన నీళ్లు, మూతపెట్టి, ఏ రోజువి ఆ రోజే. ఆర్‌ఓ ఉందని ధీమా పడకండి, అది క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి దాని ట్యాంకులోనూ పాకుడు పడుతుంది.

కుళాయి మూతి జల్లెడ విప్పి, బ్రష్‌తో తోమి, ఎండలో ఆరబెట్టండి. సంప్, పైట్యాంకు కడిగించమని మీ అసోసియేషన్‌ను పట్టుబట్టి అడగండి. ఈసారి టెస్టుకిచ్చేటప్పుడు ఈస్ట్, మోల్డ్ (బూజు) కౌంట్ కూడా కావాలని విడిగా రాయించండి. శాంపిల్ సంప్ దగ్గర కాదు, మీ వంటింటి కుళాయి దగ్గరే పట్టించండి.