లైట్లు వెలుగుతున్నా మోటర్‌హోమ్‌లో ఏసీ ఎందుకు పనిచేయదు?

అమెరికా క్యాంప్‌గ్రౌండ్‌లో మోటర్‌హోమ్‌కు (ఇల్లులా ఉండగలిగే బండికి) కరెంటు కేబుల్ తగిలించాక లైట్లు వెలిగి, ఏసీ, మైక్రోవేవ్ రెండూ పనిచేయకపోతే, బయటి కరెంటు బండిలోకి రావడం లేదని ముందుగా అనుమానించాలి. లైట్లు, నీటి పంపు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీకి, ఇన్వర్టర్ లేని బండిలో మైక్రోవేవ్‌కు, జనరేటర్ నడవనప్పుడు సాధారణంగా బయటి పెట్టె (క్యాంప్‌గ్రౌండ్‌లో కేబుల్ తగిలించే కరెంటు పెట్టె) నుంచి వచ్చే 120 వోల్టులే ఆధారం. ఉదాహరణకు, ఆ పెట్టెలోని 30 ఆంపియర్ల బ్రేకర్‌ను ఆఫ్ చేసి ప్లగ్గు పెట్టి (అదే సరైన పద్ధతి), తిరిగి ఆన్ చేయడం మరిచిపోతే, మైక్రోవేవ్ మీది గడియారం వెలగదు, లైట్లు మాత్రం బ్యాటరీ అయిపోయేదాకా నిక్షేపంగా వెలుగుతూనే ఉంటాయి. లైట్లు వెలగడమే కరెంటు వచ్చిందనడానికి రుజువని చాలామంది పొరబడి, బాగున్న ఏసీని విప్పిస్తారు. బ్రేకర్ ఆన్‌లోనే ఉన్నా, ప్లగ్గు పిన్నులు నల్లగా కమిలి ఉంటే, దాన్ని మళ్లీ పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.