ఎంఏ మాస్ కమ్యూనికేషన్‌లో అసలేం నేర్పుతారు? తెలుగు మీడియం వాళ్లు చేరవచ్చా?

మీరు అడిగినవి రెండు. డిగ్రీ తెలుగు మీడియంలో చేసినవాళ్లు యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ నెగ్గుకురాగలరా అన్నది ఒకటి. ఛానల్లో పనిచేస్తున్న మీ బావ "ఆ రెండేళ్లు దండగ, నేరుగా వచ్చి చేరిపో" అంటున్నాడు, అది నిజమేనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తేలికే. నెగ్గుకురావచ్చు, నేను వచ్చాను. రెండోదానికి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బావ చెప్పిందాంట్లో సగానికి పైగా నిజం ఉంది.

నాది కోదాడ దగ్గర ఒక పల్లె. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్ చేశాను. తర్వాత కొన్నేళ్లు ఒక తెలుగు పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా ఉన్నాను. ఇప్పుడు గ్రామీణాభివృద్ధి రంగంలో ఒక స్వచ్ఛంద సంస్థకు కమ్యూనికేషన్ పనులు చూస్తున్నాను. నేను చెప్పేదంతా ఈ దారిలో చూసిందే. సినిమా వైపో అడ్వర్టైజింగ్ వైపో వెళ్లినవాళ్లు వేరేగా చెప్పవచ్చు.

రిపోర్టరో సబ్ ఎడిటరో అయి తొందరగా జీతం తెచ్చుకోవడమే మీకు ముఖ్యమైతే యూనివర్సిటీ దగ్గరి దారి కాదు. ఇంట్రో రాయడం, హెడ్డింగ్ పెట్టడం, వార్తా సంస్థలు ఇంగ్లిష్‌లో పంపే ఏజెన్సీ కాపీని తెలుగు చేసి సగానికి కుదించడం, కంట్రిబ్యూటర్ (ఊళ్ల నుంచి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేకరి) పంపిన వార్తలో అసలు విషయం ఎక్కడుందో వెతికి పైకి తేవడం లాంటివన్నీ డెస్క్‌లో కూర్చుంటే కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. యూనివర్సిటీలోనూ ఇవి చెబుతారు. కానీ రాత్రి ఎడిషన్ టైముకు పేజీ వదలాలి, పక్కన డెస్క్ ఇన్‌ఛార్జి నిలబడి ఉన్నాడు అన్నప్పుడు చేతికొచ్చే వేగం క్లాస్‌రూమ్‌లో రాదు. దానికోసమైతే ఈనాడు, సాక్షి లాంటి పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు మేలు. అక్కడ పనికోసమే తయారుచేస్తారు, తెలుగులోనే నేర్పుతారు, శిక్షణ కాలంలో స్టైపెండ్ కూడా ఇస్తారు. నోటిఫికేషన్ పడ్డప్పుడు శిక్షణ తర్వాత ఎన్నాళ్లు అక్కడే పనిచేయాలో ఆ షరతులు మాత్రం చదువుకుని సంతకం పెట్టండి.

మరి యూనివర్సిటీలో ఏముంది? సిలబస్ చదివితే అర్థం కాదు. సిలబస్‌లో కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, మీడియా చట్టాలు, పరిశోధన పద్ధతులు, రేడియో, వీడియో అని పొడిపొడిగా ఉంటుంది. అందుకే మా క్లాసులో జరిగిన ఒక సంగతి చెబుతాను.

సిద్ధాంతాల పేపర్లో, అంటే ఆ సబ్జెక్టులో, అజెండా సెట్టింగ్ అని ఒకటి వస్తుంది. మీడియా దేనికి పెద్దపీట వేస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారు అన్నది దాని సారం. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని కలిశారు. వాళ్లు ఏ సమస్యలు ముఖ్యమనుకుంటున్నారో అడిగి, అక్కడికి వచ్చే పత్రికలు, టీవీ ఏ సమస్యలకు పెద్దపీట వేశాయో దానితో పోల్చారు. రెండూ దాదాపు సరిపోయాయి. 1972లో అచ్చయింది. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు పడతాయి. మా మేడం అక్కడితో ఆపలేదు. "నెల్లూరు సారా ఉద్యమానికి ఇది సరిపోతుందా లేదా, రాసుకు రండి" అన్నారు.

ఆ ఉద్యమం గురించి మీరు వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు, తాగుడు వల్ల కూలిపోయిన ఒక కాపురం కథను తమ వాచకంలో చదివారు. చదివి ఊరుకోలేదు, ఇది మన కథే కదా అనుకున్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. ఆ దూబగుంట సంగతి మళ్లీ వాచకంలో పాఠంగా ఎక్కి పక్క ఊళ్లకు పాకింది. ఆ తర్వాతే తెలుగు పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, దాన్ని అందుకుని పేజీలకు పేజీలు ఇచ్చాయి. 1993 అక్టోబర్లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది.

ఇప్పుడు చెప్పండి, అజెండా ఎవరు పెట్టినట్టు? క్లాసులో పెద్ద గొడవే అయింది. పత్రికే అని కొందరు, పత్రికను నడిపించిందే ఆడవాళ్లని కొందరు. నేను రాసిందేమిటంటే, పత్రిక అజెండా పెట్టింది నిజమే, కానీ నెల్లూరు ఆడవాళ్లకు కాదు, హైదరాబాద్‌లో ఉన్న ప్రభుత్వానికి. ఆడవాళ్లకు ఏం కావాలో ఏ పత్రికా చెప్పనక్కర్లేదు, రోజూ రాత్రి ఇంట్లో కనిపిస్తూనే ఉంది. అంటే ఒకే వార్త ఒకరికి కొత్త సంగతి, ఇంకొకరికి తమ బలం ఎంతో చూపించే సాక్ష్యం. మార్కులు మామూలుగానే వచ్చాయి గానీ, ఆ ఆలోచన డెస్క్‌లో చేరాక రోజూ పనికొచ్చింది. జిల్లా పేజీ పెట్టేటప్పుడు, తాగునీళ్లు రావడం లేదన్న వార్త ఆ ఊరివాళ్లకు కొత్తేమీ కాదు. దాన్ని చదవాల్సింది గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజినీరు, కలెక్టరు. అలా అనుకోగానే హెడ్డింగ్ మారిపోతుంది. "నీటి కోసం కటకట" తీసేసి, ఏ పథకం ఎన్నాళ్లుగా ఎక్కడ ఆగిందో పెడతాం.

ఇలాంటి ఇంకో అనుభవం రేడియో పేపర్లో. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు నడుపుతారు. మన దేశంలో స్వచ్ఛంద సంస్థ లైసెన్సుతో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో (స్థానికులే తమ కోసం నడుపుకునే రేడియో) అదే, 90.4 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. దాని వెనక కథ మీడియా చట్టాల పేపర్ మొత్తానికి సరిపడా ఉంది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తసొత్తు కాదని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. అయినా మామూలు సామాజిక సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు కల్పిస్తూ విధానం వచ్చేసరికి 2006 అయింది. స్టూడియో సిద్ధంగా ఉన్నా లైసెన్సు లేని ఆ కాలంలో మాచనూరు ఆడవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. ప్రారంభించింది ఎవరో తెలుసా? ఆ 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్.

మేం క్లాసుగా అక్కడికి వెళ్లినప్పుడు ఒక ఊళ్లో పాత పంటల గురించి రికార్డింగ్ మొదలుపెట్టాం. మైకు ముందు కూర్చున్న పెద్దామె ఇంకా మాట మొదలుపెట్టకముందే, "ఇది ఎవరు వింటరు? మాకు గూడ వినిపిస్తరా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. మేం చేస్తున్నది అసైన్‌మెంట్, వినేది మా సారు ఒక్కరే. రేడియో నడిపే ఊళ్లలో మనుషులకు మైకు కొత్త కాదు, ఆ మైకులో పడ్డ మాట ఎక్కడికి పోతుందో వాళ్లకు బాగా తెలుసు. తర్వాత మా సారు ఎడిటింగ్ పూర్తయ్యాక ఆ కాపీ వాళ్లకు చేరాలన్నది మార్కుల్లో భాగం చేశారు. ఇప్పుడు నా ఉద్యోగంలో పల్లెల్లో వీడియోలు తీయిస్తుంటాం. దాతలకు చూపించడానికి తీసేవే ఎక్కువ, అది దాచనక్కర్లేదు. కానీ రఫ్ కట్, అంటే ఎడిటింగ్ పూర్తికాని తొలి రూపం, ముందు ఆ ఊళ్లోనే వేసి చూపించే పద్ధతి పెట్టాం. వాళ్లు తీసెయ్యమన్న ముక్క తీసేస్తాం.

మీ బావ రెండేళ్లు దండగ అన్నది ఇక్కడే పూర్తిగా ఒప్పుకోను. వార్త ఎలా రాయాలో ఆఫీసులో నేర్పుతారు. అది ఎవరికోసం, ఎవరి ఖర్చుతో, ఎవరి మాట వదిలేసి అని నిలబడి అడిగే తీరిక ఆఫీసులో ఎవరికీ ఉండదు. ఆ తీరిక యూనివర్సిటీలో దొరుకుతుంది.

ఇక ఇంగ్లిష్ టెన్షన్. దాన్ని తక్కువ చేసి చెప్పను. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే, అదీ మెలికలు తిరిగిన ఇంగ్లిష్‌లో. మొదటి సెమిస్టర్ నాకు నరకమే. నాకు పనిచేసిన పద్ధతి ఒకటే. వ్యాసం చదివాక దాన్ని తెలుగులో, మా ఊరి ఉదాహరణతో ఒక పేజీ రాసుకునేవాణ్ని. తర్వాతే ఇంగ్లిష్ అసైన్‌మెంట్. స్టువర్ట్ హాల్ అనే మీడియా సిద్ధాంతకర్త 1973లో రాసిన ఎన్‌కోడింగ్, డీకోడింగ్ వ్యాసం ఉంది. పంపినవాళ్లు పెట్టిన అర్థాన్ని చూసేవాళ్లు ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, అసలు ఎదురుతిరగనూ వచ్చు అంటాడాయన. ఎంత చదివినా బుర్రకెక్కలేదు. మా అమ్మమ్మ టీవీ సీరియల్ చూడటం గుర్తొచ్చాక ఎక్కింది. ఛానల్ వాళ్లు కోడల్ని దేవతగా, అత్తను రాక్షసిగా చూపిస్తుంటే మా అమ్మమ్మ మాత్రం "ఆ పిల్లకు పని చేతగాదు, అత్త అనకేం చేస్తుంది" అని అత్త పక్షమే. ఆ వ్యాసం మీద పరీక్షలో నేను రాసింది అదే.

ఇంకో సంగతి మీకెవరూ చెప్పరు. సెంట్రల్ యూనివర్సిటీల్లో కేరళ, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు చాలామంది ఉంటారు. క్లాసులో వాళ్లు గడగడా మాట్లాడుతుంటే మనం నోరు తెరవం. ఫీల్డ్‌వర్క్ మొదలవగానే సీన్ మారిపోతుంది. తెలంగాణ పల్లెలో ఇంటర్వ్యూ చేయాలంటే మనమే కావాలి, మంచి ప్రాజెక్టుల్లోకి పిలుస్తారు. వాళ్ల దగ్గర ఇంగ్లిష్, కెమెరా నేర్చుకోండి, మీ దగ్గరున్నది వాళ్లకివ్వండి.

ఇంటర్న్‌షిప్ గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. నేను చేసిన ఛానల్ పేరు అనవసరం. రూపాయి ఇవ్వలేదు, వెళ్లినప్పటి నుంచీ వచ్చేదాకా స్క్రోలింగ్ టైప్ చేయించారు. అయితే వార్తలను తెరమీదికి పంపే అవుట్‌పుట్ డెస్క్ ఎలా నడుస్తుందో, బ్రేకింగ్ అని ఎర్రగా పడేది ఎవరి నోటిమాటతో పడుతుందో దగ్గర్నుంచి చూశాను. వీలైతే టీవీ కంటే ఫ్యాక్ట్ చెక్ చేసే సంస్థల్లో ప్రయత్నించండి. హైదరాబాద్‌లోనే ఫ్యాక్ట్‌లీ ఉంది. ఒక వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో తవ్వి తీయడం అలవాటైతే తర్వాత ఏ డెస్క్‌లోనైనా మీకు గౌరవం ఉంటుంది.

ఎక్కడ చేరాలన్నది మీ జేబును బట్టి. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, తెలుగు పత్రికల్లో దాని పూర్వ విద్యార్థులు లేని డెస్క్ అరుదు. తిరుపతిలో అమ్మాయిలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. భాషే మీ బలమనుకుంటే హైదరాబాద్‌లో తెలుగు యూనివర్సిటీ కూడా చూడండి. దానికి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సంపాదకుడాయన. జర్నలిజం చదవబోయేవాడికి అంతకంటే తగిన పేరు ఏముంటుంది! లక్షల ఫీజు తీసుకునే ప్రైవేటు కాలేజీలకు అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. తెలుగు మీడియాలో మొదటి జీతాలు ఆ అప్పు తీర్చేలా ఉండవు. కంట్రిబ్యూటర్లకైతే చాలాచోట్ల జీతమే లేదు, అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటే.

చదివాక పత్రికలు, ఛానళ్లే గతి అనుకోకండి. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగాల్లో పనిచేసే ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ పోస్టులకు యూపీఎస్సీ జర్నలిజం డిగ్రీయో డిప్లొమానో అడిగిన నోటిఫికేషన్లు ఉన్నాయి. మాస్ కమ్యూనికేషన్‌లో యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఉంది, అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి డబ్బు చింత ఉండదు. స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల పీఆర్ విభాగాల్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ రాయగలిగినవాళ్లకు గిరాకీ బాగానే ఉంది.

ప్రవేశానికి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, ఏపీలో పీజీసెట్. ఏ కోర్సు దేని కింద వస్తుందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. సిద్ధం కావడానికి రోజూ ఒకే వార్తను ఒక తెలుగు పత్రికలో, ఒక ఇంగ్లిష్ పత్రికలో పక్కపక్కన పెట్టి చదవండి. ఎవరి పేరు ఎక్కడ వచ్చింది, ఎవరిది అసలు రాలేదు అని గుర్తుపెట్టుకోండి.

సీటు వచ్చాక, ఫీజు కట్టే ముందు ఆ విభాగం సీనియర్ ఒకరికి ఫోన్ చేయండి. విద్యార్థులే తయారుచేసే ల్యాబ్ జర్నల్ అనే పత్రిక నిజంగా బయటికొస్తోందా, పాఠాలు చెప్పేవాళ్లలో పర్మినెంట్ వాళ్లు ఎంతమంది, కెమెరాలు, రికార్డర్లు సాయంత్రం 5 తర్వాత బయటికి ఇస్తారా లేక బీరువాలో పెట్టి తాళం వేస్తారా అని అడగండి. ఆ చివరిది తప్పకుండా అడగండి. పల్లెల్లో మనుషులు ఇళ్ల దగ్గర దొరికేది పొద్దుగూకాకే.