పిల్లవాడి పలుకు, తండ్రి నవ్వు

నాలుగున్నరేళ్ళ మీ బాబు ‘కాకి’ని ‘తాతి’ అనీ ‘రాజు’ని ‘లాజు’ అనీ పలుకుతున్నాడనీ, ‘మా వాడికీ అయిదేళ్ళ దాకా నోరు తిరగలేదు’ అని మీ అత్తగారు కొట్టిపారేస్తున్నారనీ, మీ వారేమో చుట్టాల ముందు వాడిచేత ఆ మాటలే పలికించి అందరినీ నవ్విస్తున్నారనీ రాశారు. ఆయనకు తెలియకుండా స్పీచ్ థెరపీకి తీసుకువెళ్ళవచ్చా అని అడిగారు.

థెరపీ సంగతికి పెద్ద చర్చ అక్కరలేదమ్మా. ‘ర’కు బదులు ‘ల’ పలకడం ఈ వయసులో మామూలే. ‘క’ స్థానంలో ‘త’ రావడం మాత్రం సాధారణంగా నాలుగేళ్ళకు సర్దుకుంటుంది, ఆ వయసు దాటిన పిల్లల మాట కొత్తవారికి కూడా చాలావరకు అర్థం కావాలి. బడిలో టీచరుకు మీరు విడమరిచి చెప్పవలసి వస్తోందంటున్నారు కనుక, ముందు వినికిడి పరీక్ష చేయించి ఆపైన థెరపిస్టుకు చూపించండి. చెవి లోపల, కర్ణభేరి వెనుక నీరు చేరిన పిల్లలకు శబ్దాల తేడా సరిగా తెలియకపోవచ్చు. చూపించినంత మాత్రాన చికిత్స మొదలుపెట్టాలని లేదు, కొన్ని నెలలు ఆగి రమ్మనవచ్చు.

నన్ను కలవరపెట్టింది మీరు చివర్లో ముక్తసరిగా రాసిన వాక్యం. తండ్రి ఇంట్లో ఉన్నంతసేపూ బాబు కావలసినవి వేలితో చూపిస్తున్నాడే తప్ప నోరు విప్పడం లేదన్నారు. కన్నతండ్రి తన మాటను నలుగురిలో ఆటవస్తువు చేస్తుంటే వాడు మౌనాన్ని ఆశ్రయించాడు. అది నాకు ‘తాతి’ కంటే ఎంతో పెద్ద విషయంగా తోస్తోంది. దానికి తోడు మీరు దాచి వైద్యం చేయిస్తే, తన మాట దాచుకోవలసినంత సిగ్గుచేటైనదని వాడికి మీరే నేర్పినట్టవుతుంది. పైగా థెరపిస్టు నేర్పినదాన్ని రోజూ ఇంట్లో సాధన చేయించాలి, అది ఆయనకు తెలియకుండా జరిగేది కాదు.

అత్తగారి మాటే నిజమైతే మీ వారికీ చిన్నప్పుడు నోరు తిరగలేదు. అప్పట్లో తనను చూసి ఎవరు నవ్వారో, అప్పుడు తనకెలా ఉండేదో, బాబు నిద్రపోయాక ఆయననే నెమ్మదిగా అడగండి. బాబు ‘తాతి’ అంటే మళ్ళీ అనమని నిలదీయకుండా ‘అవును, కాకి వాలింది’ అని మాట కొనసాగించడం ఎలాగో ఆయనకు చూపించండి. ఇంతా చెప్పాక కూడా చుట్టాల ముందు వాడిని పిలిస్తే, మారు మాట్లాడకుండా బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోండి. మొగుడికి మర్యాద తక్కువైందని ఎవరైనా అంటే అననివ్వండి.

థెరపిస్టు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆయన రానంటే, వెళ్తున్నానని ఆయనకు చెప్పే వెళ్ళండి.