తాళాలు మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: వనస్థలిపురంలో 150 గజాల్లో మా పాత ఇల్లు, పైన ఒక పోర్షన్. ఉగాదికి వారం ముందు 1 కోటి 10 లక్షలకు బేరం కుదిరింది. 5 లక్షలు బయానా ఇచ్చారు, 60 రోజుల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్ రాసుకున్నాం. గడువు మే నెలలోనే దాటిపోయింది. ఫోన్ చేస్తే "లోన్ ప్రాసెస్‌లో ఉందాంటీ" అంటాడు ఆ అబ్బాయి. ఈలోపు రోజుకో కోరిక. బోరు మోటారు మార్చాలట, పై గదిలో చెమ్మ బాగు చేయించాలట, రెండు ఏసీలు వదిలేయాలట, డాక్యుమెంట్లో 70 లక్షలే చూపించి మిగతాది చేతికిస్తాడట, పైగా ఒక శాతం పట్టుకుని ఇస్తాడట. నిన్న వాళ్లమ్మగారు వచ్చి, ఆషాఢం వచ్చేస్తోంది, తాళాలిస్తే ఈలోగా పాలు పొంగించుకుంటాం అన్నారు. ఆవిడ ముఖం చూసి కాదనలేకపోయాం. మేం కొనబోయే ఫ్లాట్‌కి మేమూ అడ్వాన్స్ ఇచ్చి కూర్చున్నాం. నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాదనలేకపోయాం అన్నారు, అంటే తాళాలు ఇచ్చేశారా, ఇంకా లేదా? ఇవ్వకపోతే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆవిడకి ఫోన్ చేసి, రిజిస్ట్రేషన్ రోజున నేనే దగ్గరుండి పాలు పొంగిస్తానమ్మా, అప్పటిదాకా వద్దు అని చెప్పండి. పాలు పొంగాక ఒక మంచం వస్తుంది, తర్వాత గ్యాస్ బండ వస్తుంది, ఆ తర్వాత మీ ఇంట్లోంచి వాళ్లని కదపాలంటే కోర్టు మెట్లెక్కాలి. ఆషాఢం నెల రోజులే, కోర్టు వాయిదాలకి ఆ లెక్క ఉండదు.

ఇక ఆ 70 లక్షల సంగతి. ఇక్కడే నాకు ఆ అబ్బాయి మాట మీద అనుమానం. డాక్యుమెంట్లో 70 లక్షలు చూపిస్తే బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, అంటే 56 లక్షలు. అసలు ధర చూపిస్తే 75 శాతం లెక్కన 82 లక్షల దాకా రావచ్చు. 70 చూపించి కొనేవాడు 14 లక్షలు పైన వేసుకుని, 40 లక్షలు నోట్ల కట్టలుగా మీకివ్వాలి. అంత డబ్బు దగ్గరున్నవాడు లోన్ రాలేదని మూడు నెలలు తిప్పుతాడా? ఒకవేళ నిజంగా ఇచ్చినా తీసుకోవద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానాగా కట్టమనే వీలు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, ఆ జరిమానా పడేది తీసుకున్నవాళ్ల మీద, ఇచ్చినవాళ్ల మీద కాదు.

ఒక శాతం మాత్రం కోరిక కాదండీ, అది చట్టం. 50 లక్షలు, ఆపైన ధర ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని మీ పాన్ మీద కట్టాల్సిందే, మీ లెక్కలో 1 లక్షా 10 వేలు. మీ పాన్ ఆధార్‌తో లింకయిందో లేదో ఇవాళే చూసుకోండి, లేకపోతే ఆ ఒక శాతం 20 శాతం అయి కూర్చుంటుంది. కట్టాక సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

మోటారు, చెమ్మ, ఏసీలు అంటారా, బేరమప్పుడు చూసుకునే కదా ఒప్పుకున్నాడు! మా నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు కొన్నాయన హాల్లో నిలబడి ఉయ్యాల బల్ల కొక్కాలు నాలుగూ ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, ఎందుకయ్యా అంటే "రేపు ఊడబీకుతారేమోనని" అన్నాడు. నవ్వొచ్చింది కానీ ఆయన చేసింది సరైన పనే అనిపిస్తుంది ఇప్పుడు. మీరూ ఉంచేవీ తీసుకెళ్లేవీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఏదో ఒకటి వదులుకోవాలనుకుంటే పాత ఏసీలు వదిలేయండి, విప్పి తీసుకెళ్లే ఖర్చయినా మిగుల్తుంది. చెమ్మకి మాత్రం ఒప్పుకోవద్దు, దానికి అంతుండదు.

ఇప్పుడు ఆలస్యం. ప్రాసెస్‌లో ఉంది అంటే ఏమీ తెలియదు. ఏ బ్యాంకు, ఫైలు ఏ రోజు లాగిన్ అయింది, లీగల్ ఒపీనియన్ వచ్చిందా, వాల్యుయేషన్‌కి ఎవరైనా వచ్చి ఇల్లు కొలిచారా? ఇంట్లో ఉండేది మీరే కాబట్టి ఆ చివరిదానికి జవాబు మీకే తెలుసు. ఎవరూ రాలేదంటే ఫైలు కదల్లేదన్నమాటే. ఒక్కోసారి తప్పు మనవైపూ ఉంటుంది, 1983కి ముందు కాలానికి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) కావాలనో, మీకన్నా ముందు యజమానుల పాత లింకు డాక్యుమెంటు కావాలనో బ్యాంకు లాయరు అడిగి ఉంటాడు, ఆ అబ్బాయి మీకు చెప్పకుండా నాన్చుతుంటాడు. అదీ అడగండి.

తర్వాత లాయరుతో నోటీసు ఇప్పించండి: 15 రోజుల్లో శాంక్షన్ లెటర్ చూపించు, ఫలానా తేదీకి రిజిస్ట్రేషన్, లేదంటే అగ్రిమెంట్ రద్దు. ఇళ్లూ స్థలాల విషయంలో గడువు దాటినంత మాత్రాన ఒప్పందం దానంతటదే పోయిందని కోర్టులు సాధారణంగా అనవు, అందుకే ఈ నోటీసు. ఇది తెగకుండా ఇంకొకరికి అమ్మేయకండి, గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు అతను దావా వేయొచ్చు. విడిపోవాలనుకుంటే రద్దు పత్రం రాయించుకోండి, అగ్రిమెంట్ రిజిస్టరై ఉంటే రద్దూ రిజిస్టర్ చేయించాలి, లేకపోతే రేపు ఈసీలో అది తగుల్తుంది. బయానా మొత్తం ఉంచేసుకోవచ్చా అనేది అగ్రిమెంట్లో ఏం రాశారో లాయరుకి చూపిస్తేగానీ తేలదు. నన్నడిగితే కొంత పట్టుకుని మిగతాది ఇచ్చి సంతకం పెట్టించుకోవడమే నయం, ఉంచుకున్నదాని మీద పన్ను కూడా కట్టాలి మరి.

మీ ఫ్లాట్ వాళ్లకి ఈ రోజే విషయం చెప్పి గడువు పొడిగింపు కాగితం మీద తీసుకోండి. ఆ అబ్బాయి మీకు చేస్తున్నది మీరు వాళ్లకి చేయకండి.

ప్రశ్న: లోన్ మొత్తం కట్టేసి రెండు నెలలైంది, బ్యాంకు ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వట్లేదు. కొనేవాళ్లు వెళ్లిపోతామంటున్నారు.
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బాకీ తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్స్ ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకివ్వాలి. పోగొట్టారంటే డూప్లికేట్లు తెప్పించడానికి వాళ్లకి ఇంకో 30 రోజులుంటాయి, ఆ ఖర్చూ వాళ్లదే. ఈ ముక్క రాసి బ్రాంచిలో లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఆ స్టాంపు పడిన కాపీ కొనేవాళ్లకి కూడా చూపించండి, మీరు నాన్చట్లేదని వాళ్లకి తెలుస్తుంది.