రెప్ప మీద గడ్డ మూడోసారి వచ్చింది, ముక్క పరీక్ష చేయించాలా?

మీ నాన్నగారికి 68 ఏళ్లని, పైరెప్ప మీది గడ్డను రెండుసార్లు తీయించినా మళ్లీ అదే చోట వచ్చిందని రాశారు. ఇప్పుడు డాక్టర్ ముక్క తీసి పరీక్షకి పంపుదామంటే, కత్తి తగిలితే ముదురుతుందని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారన్నారు. చేయించండి. వాయిదా వేయకండి. మా అమ్మ విషయంలో మేం సరిగ్గా ఇక్కడే పొరపాటు చేశాం.

అమ్మకి 71వ ఏట కుడికన్ను పైరెప్పలో శనగగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. కంటికురుపే అనుకుని వేలు అరచేతిలో రుద్ది వేడి పెట్టుకునేది, గుడ్డతో కాపడం పెట్టుకునేది. తగ్గకపోతే దగ్గర్లోని కంటి క్లినిక్‌కి తీసుకెళ్లాను. చలేజియన్ అన్నారు, అంటే రెప్పలోని నూనె గ్రంథి మూసుకుపోయి గడ్డ కట్టడం. కోసి గీకేశారు. నాలుగు నెలలకి మళ్లీ వచ్చింది, మళ్లీ గీకారు. గీకి తీసింది రెండుసార్లూ దూదితో పాటు బుట్టలోకే పోయింది. పరీక్షకి పంపుతున్నారా అని నేనూ అడగలేదు. అడగాలని తెలియదు. ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

తేడా మొదట గమనించింది అమ్మే. ఒకరోజు అద్దం ముందు కాటుక పెట్టుకుంటూ "ఇక్కడ వెంట్రుకలు ఏమయ్యాయిరా?" అంది. చూస్తే గడ్డ ఉన్నచోట గోరు వెడల్పున రెప్పవెంట్రుకలు లేవు. అంచు మందంగా, కాస్త పసుపు రంగుగా ఉంది. కన్ను మాత్రం ఎప్పుడూ ఎర్రగానే ఉండేది, చుక్కలమందులు మార్చి మార్చి వేస్తూనే ఉన్నాం. ఈసారి హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టర్ గారు రెప్ప తిప్పి చూసి, చెవి ముందు, దవడ కింద బిళ్లలేమైనా ఉన్నాయేమో వేళ్లతో తడిమి, అదే వారం ముక్క తీశారు. సిస్టర్ ఆ ముక్కని బొటనవేలంత సీసాలో, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి, పేరు, ఏ కన్ను, ఏ రెప్ప అని నాకు చదివి వినిపించి మరీ చీటీ అంటించింది. అంత చిన్న ముక్క, బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దది.

రిపోర్టులో సెబేషియస్ గ్రంథి కార్సినోమా అని వచ్చింది. నూనె గ్రంథికి వచ్చే క్యాన్సర్. ఈ గ్రంథులు పైరెప్పలో దాదాపు 30 ఉంటాయి, కింది రెప్పలో అంతకంటే తక్కువ. అందుకే ఇది పైరెప్పలో ఎక్కువగా వస్తుందట. నా టెన్షన్ చూసి, ముక్కల్ని మైక్రోస్కోప్‌లో పరీక్షించే పాథాలజీ డాక్టర్ గారు స్లైడ్‌ని, అంటే ముక్కని సన్నగా కోసి అంటించిన గాజు పలకని, తెర మీద చూపించారు. కణాల లోపలంతా సబ్బు నురగలా చిన్న చిన్న ఖాళీ బుడగలు. అక్కడ ఉండాల్సింది కొవ్వు, స్లైడ్ తయారుచేసేటప్పుడు వాడే స్పిరిట్‌లో, జైలీన్ అనే ద్రావకంలో అది కరిగిపోతే ఆ ఖాళీలు మిగులుతాయి అన్నారు. ఇంకోచోట, రెప్ప లోపలివైపు, తెల్లగుడ్డు మీద ఉండే పల్చటి పొరలో, మంచి కణాల మధ్య ఒక్కొక్కటిగా దూరిపోయిన క్యాన్సర్ కణాలు చూపించారు. అమ్మ కన్ను అన్నాళ్లూ ఎందుకు ఎర్రగా ఉందో నాకు అప్పుడు అర్థమైంది. ఇలా దూరే గుణం ఉంది కాబట్టే ఒక్కచోట తీస్తే చాలదని, పొర మీద పలుచోట్ల చిటికెడు చిటికెడు ముక్కలు తీసి చూశారు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు నెట్‌లో చదివి, ఇది చాలా అరుదు, రిపోర్ట్ తప్పేమో అన్నాడు. అక్కడివాళ్లకి అరుదే. అక్కడ రెప్ప క్యాన్సర్లలో ఎక్కువ భాగం బేసల్ సెల్ రకం, అంటే చర్మం పైపొరలో అడుగున ఉండే కణాలకి వచ్చేది. మన దేశంలో సెబేషియస్ రకం దానికి దీటుగా, కొన్ని పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో దానికన్నా ఎక్కువగా కనిపిస్తోంది. అక్కడివాళ్లు రాసింది చదివి ధైర్యం తెచ్చుకోకండి.

ఆపరేషన్‌లో గడ్డని చుట్టూ కాస్త మంచి భాగంతో సహా తీసి, అమ్మ బల్ల మీద ఉండగానే అంచుల్ని చలికి గడ్డకట్టించి సన్నగా కోసి, క్యాన్సర్ మిగిలిందేమోనని మైక్రోస్కోప్‌లో చూశారు. అంచులు శుభ్రం అన్నాకే రెప్పని తిరిగి తయారుచేయడం మొదలుపెట్టారు. కింది రెప్ప నుంచి కండ పైకి తెచ్చి కుట్టడంతో ఆరు వారాలు ఆ కన్ను మూసే ఉంది. తర్వాత విడదీశారు. మొదటిసారే పరీక్షకి పంపి ఉంటే ఇంత రెప్ప పోయేది కాదని నా నమ్మకం. నాలుగేళ్లయింది, అమ్మ బాగుంది, చెకప్‌లకి వెళ్తూనే ఉన్నాం.

ముక్క తీసినంత మాత్రాన మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారదు. మీ నాన్నగారిది నిజంగా చలేజియనే కావచ్చు, రెప్ప గడ్డల్లో ఎక్కువ భాగం అవే. అప్పుడు స్లైడ్‌లో బయటికి కారిన కొవ్వు వదిలిన ఖాళీలు, వాటి చుట్టూ చేరిన వాపు కణాలు కనిపిస్తాయి, మీరంతా నిశ్చింతగా నిద్రపోతారు. పెద్దవాళ్లకి మాత్రం, మళ్లీ అదే చోట వచ్చిందంటే, తీసినదేదీ పారేయనివ్వకండి. కోసే ముందే "ఇది ల్యాబ్‌కి వెళ్తుంది కదండీ?" అని అడగండి.

ఇంకొకటి. మా పక్క బెడ్‌లో ఒక పెద్దాయనకి కన్ను ముందుకు పొడుచుకొచ్చింది. ఎవరో ముందే స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వడంతో వాపు తగ్గిపోయి, ముక్క పరీక్ష ఆలస్యమైంది. తర్వాత లింఫోమా, అంటే ఒక రకం తెల్లరక్తకణాలకి వచ్చే క్యాన్సర్, అని తేలింది. వయసు మళ్లినవాళ్లలో కంటిగుంతలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది అదే, స్టెరాయిడ్‌కి తాత్కాలికంగా కుంచించుకుపోతుంది కూడా. పరీక్ష అయ్యేదాకా అలాంటివి సొంతంగా వాడనివ్వకండి.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, రెప్పవెంట్రుకలు తెలిసేలా రెండుమూడేళ్ల కిందటి ఫొటో ఒకటి తీసుకెళ్లండి. అనుమానం ఉంటే రిపోర్ట్ వచ్చాక ల్యాబ్‌లో ముక్కని పొదిగి దాచిన మైనపు బ్లాక్, స్లైడ్లు అడిగి తీసుకుని ఇంకోచోట చూపించవచ్చు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి ముక్కల్నే చూసే పాథాలజీ ల్యాబ్ ఉంది.